ఇరవై ఆరో చెట్టు

ఆ ఫ్లెక్సీ మీద రాసింది అబద్ధం. ముందు ఈ ముక్క కాగితం మీద పడ్డాకే మిగతాది చెబుతానని పాస్టరమ్మగారితో అన్నాను. మా పేటలో ప్రార్థన గుడి పక్కనే ఉంటారావిడ. నాకు సంతకం ఒక్కటే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే ఆవిడ రాసి పెడుతున్నారు.

పి.గన్నవరం సెంటర్లో ఆటో దిగేసరికి కరెంటు స్తంభానికి కట్టి ఉంది ఆ ఫ్లెక్సీ. నేను పనిచేసే తుపాకుల క్లబ్బులో మాస్టారి ఫోటో చుట్టూ బంతిపూల బొమ్మలు, పక్కన నిలువెత్తు తుపాకీ బొమ్మ. మనిషి పోయి అప్పటికి తొమ్మిది రోజులు. అరటిపళ్ళు అమ్ముకునే ఆవిణ్ణి చదివి పెట్టమన్నాను. 'ఫోను లెక్కలు నమ్మని పాతకాలపు గురి' అని వేశారట. కింద క్లబ్బు సెక్రటరీగారి ఫోటో ఉంది, మాస్టారి ఫోటో కంటే పెద్దది. ఆవిడ రెండోసారి చదవబోతే వద్దన్నాను. ఒక్కసారికే చెవులు మండిపోయాయి.

ఆయన ఫోను నమ్మలేదా? ఆ క్లబ్బు మొత్తం మీద ఫోను మాట చివరిదాకా విన్నది ఆయన ఒక్కరే. మిగతావాళ్ళు వాళ్ళకి కావలసినది దాని చేత చెప్పించుకున్నారు. ఈ తేడా తెలిసిన మనిషిని నేనొకతెనే మిగిలాను. అందుకే రాయిస్తున్నాను.

మాస్టారి పేరు నేను చెప్పను. ఫ్లెక్సీ మీద బారెడు అక్షరాలతో వేశారుగా, కావలసినవాళ్ళు అక్కడ చూసుకోవచ్చు. మిలటరీలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరై వచ్చారని అందరూ అనేవారు, ఆయన నోట మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎక్కడెక్కడ పనిచేశారో, ఎన్ని మెడల్సు వచ్చాయో సంతాపసభలో చదివారు గానీ నాకవేమీ తెలియవు. నాకు తెలిసినవి ఆయన మోకాళ్ళు. తాటాకు చాప మీద బోర్లా పడుకుని కాల్చి లేచేటప్పుడు ఆ రెండూ ఎండిన కొబ్బరిమట్ట విరిచినట్టు చప్పుడు చేసేవి. లేచి, చాప దులిపి, తుపాకీ లోపల తూటా లేదని మూడుసార్లు చూసి, మూడుసార్లు "ఖాళీ" అని పైకి అనేవారు. చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా అనేవారు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, వానలో ఎవరికైనా గొడుగు ఇచ్చినా మొన నేలకి చూపించి మరీ ఇచ్చేవారు.

నేను చేసే పని చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. ఏటిగట్టు దిగువన పాత ఇటుకబట్టీ ఉండేది. మట్టి తవ్వేసిన పల్లం, దాని వెనక చాలా ఎత్తున మట్టికట్ట. ఆ కట్ట తూటాలని ఆపుతుందని అక్కడ రైఫిల్ క్లబ్బు పెట్టారు. లైసెన్సులున్న పెద్దమనుషులు, రొయ్యల చెరువుల ఆసాములు, ఒకరిద్దరు డాక్టర్లు ఆదివారాలు వచ్చి చిన్న తూటాల రైఫిళ్ళు కాలుస్తారు. ఈ చివర వాళ్ళు పడుకుంటారు, ఆ చివర గోతిలో నేను కూచుంటాను. గోతి పైన చట్రం, చట్రానికి కాగితం, కాగితం మీద నల్ల గుండ్రం. ఎర్రజెండా దింపితే కాలుస్తారు, ఎత్తితే ఆపుతారు. అప్పుడు నేను లేచి, చిల్లు ఎక్కడ పడిందో పొడుగు గెడతో చూపించి, ఆ చిల్లు మీద మైదాపిండితో చిన్న కాగితం ముక్క అంటిస్తాను. మార్కరు అంటారు నన్ను.

అందరూ ఆ చివరి నుంచి చేతులూపి అడిగేవారు. మాస్టారు మాత్రం నడిచి వచ్చేవారు. అంత దూరమూ, ఆ మోకాళ్ళతో. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కాగితం ముందు నిలబడేవారు. ప్రతి చిల్లు దగ్గరా చిటికెనవేలు పెట్టేవారు, కాగితాన్ని తాకకుండా. చొక్కా బొత్తానికి దారంతో కట్టిన పెన్సిలు ఉండేది. చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని, "వస్తా చెల్లెమ్మా" అని వెళ్ళిపోయేవారు. ఆ క్లబ్బులో నన్ను వరస పెట్టి పిలిచింది ఆయనే. మిగతావాళ్ళకి నేను 'ఏయ్, గోతిలో ఆవిడ'.

గాలి ఎటు వీస్తోందో తెలియడానికి దారి పొడుగునా మూడుచోట్ల గుడ్డపీలికలు కట్టేవారు. మొదట్లో రిబ్బన్లు కొనేవారు, అవి చీకిపోయేవి. నా పాత బండారులంక నేతచీర అంచు చింపి ఇచ్చాను. అది చూసి మురిసిపోయారు. "పల్చగా ఉంది, చినుక్కి తడిసినా ఎగురుద్ది. నీ చీర అబద్ధం చెప్పదు చెల్లెమ్మా," అన్నారు. ఏటివైపు పీలిక ఒకలా ఎగిరి, తోటవైపుది వేలాడుతుంటే రెండింటినీ రాసుకునేవారు.

ఆయన నోట ఎప్పుడూ ఒకే మాట. ఒక్కసారికి ఒక్కటే. గురి తప్పితే ఎవరైనా తూటా పెట్టె మార్చి, మర సవరించి, పడుకునే తీరు మార్చి, మళ్ళీ కాల్చేవారు. మాస్టారు తల పట్టుకునేవారు. మూడూ మార్చాక తగిలినా ఎందుకు తగిలిందో ఎలా తెలుస్తుందనేవారు. ఆ మాట నా వంటింట్లోకి కూడా వచ్చింది. ఒకరోజు చేపలపులుసు పట్టికెళ్ళి ఇచ్చి, ఈసారి కుదరలేదండి అన్నాను. తినడం ఆపి అడిగారు.

"ఏం మార్చేవు? చింతపండా, కారమా?"

"రెండూ మార్చేనండి."

"అయితే నీకు జన్మలో తెలీదు," అని మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

ఇలా నడుస్తుండగా సెక్రటరీగారు కొత్త రైఫిలు, దాని మీదకి కొత్త దుర్భిణీ, ఫోన్లో కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చుకున్నారు. ఆయన రొయ్యల చెరువుల ఆసామి. ఆ సాఫ్ట్‌వేరు సంగతి నాకు మాస్టారే చెప్పారు. తూటా బరువు, వేగం, ఎండ, గాలి, ఎంత దూరం కాల్చాలో చెబితే, తూటా దారిలో ఎంత కిందకి జారుతుందో లెక్కేసి, దుర్భిణీ మర ఎన్ని టిక్కులు తిప్పాలో చెబుతుందట. మాస్టారికి అది ఎంత నచ్చిందో నేను చూశాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఆ ఫోనుని మూతి దగ్గర పెట్టుకుని చూసేవారు. మేము ముప్ఫై ఏళ్ళు కాగితాల మీద గుణించింది ఇది రెప్పపాటులో చెబుతోందని నాతో అన్నారు. ఈ మనిషినే ఫోను నమ్మనివాడని స్తంభానికి కట్టారు.

యాభై మీటర్ల దగ్గర ఫోను చెప్పినచోటే తూటా పడింది. వంద దగ్గరా అంతే. రెండొందల దగ్గరకి వచ్చేసరికి చెడింది. నా గోతి రెండొందలది. గుండ్రం మధ్యలో పడాల్సిన తూటా బెత్తెడు మీద ఇంకో వేలు ఎత్తున పడింది. ఒకటి కాదు, అన్నీ అక్కడే, గుత్తిగా. నేను గెడ ఎత్తి చూపించాను. మూడు ఆదివారాలు అదే. మొదటి వారం తూటాలు మంచివి కావన్నారు. రెండో వారం తుపాకీని అన్నారు. మూడో వారం నన్ను అన్నారు.

నేను అక్కడే ఉన్నాను, మంచినీళ్ళకని ఆ చివరికి వచ్చి. సెక్రటరీగారు నన్ను చూసే అన్నారు. "అక్షరమ్ముక్క రాని మనిషినండీ అక్కడ కూచోబెట్టేం. చిల్లు ఎక్కడుంటే ఎక్కడ చూపిస్తందో. లేకపోతే చట్రమే దించి పాతుతుందేమో."

చాప మీద పడుకుని ఉన్న మాస్టారు తల తిప్పకుండానే జవాబిచ్చారు. "చట్రం ఎంత దించినా మీరు గురెట్టేది గుండ్రానికే గదండీ. గుండ్రం దిగితే గురీ దిగుద్ది."

ఎవరో నవ్వారు. సెక్రటరీగారికి అది గుచ్చుకుంది. వచ్చే నెల పోటీలున్నాయి, బయట జిల్లాల వాళ్ళు వస్తున్నారు, ఆలోగా చదువుకున్న మార్కరుని పెడదామన్నారు. పని పోతే ఇంకో పని చూసుకుంటాను, బట్టీలో ఇటుకలు మోసినదాన్ని. కానీ లేని చిల్లు చూపించే మనిషి అని పంపించేస్తే, ఆ పేరుతో ఏ గుమ్మం తొక్కను? మాస్టారు లేచి, మోకాళ్ళు దులుపుకుని, మళ్ళీ ఆదివారం దాకా ఆగమని అడిగారు. సరే అన్నారు.

సోమవారం పొద్దున్నే, సెక్రటరీగారి రైఫిలు అడిగి తీసుకుని, ఆ సాఫ్ట్‌వేరు తన ఫోన్లోనూ ఎక్కించుకుని, గోతి దగ్గరకి వచ్చారు. ముందు నన్నే చూశారు. తాను కాల్చిన ఐదు చిల్లుల్నీ నన్ను చూపించమని, తాను వేరేగా కొలిచి, నా గెడ మొనా ఆయన స్కేలూ ఒక్కచోటే ఉన్నాయని చూసుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఆయనకి తెలిసింది.

"నువ్వు అబద్ధమాడతావని కాదు చెల్లెమ్మా. ముందు నిన్ను పక్కనెట్టేస్తే, తరవాత ఎవరూ నిన్ను మధ్యలోకి లాగలేరు," అన్నారు.

తరవాత దుర్భిణీ బిగించిన మరలు చూశారు. బిగువుగానే ఉన్నాయి. గొట్టం నుంచి దుర్భిణీ ఎంత ఎత్తున ఉందో దారం పెట్టి కొలిచారు. ఫోన్లో ఆ ఎత్తు ఎవరూ పెట్టలేదట, ఫోను తనంతట తాను అనుకున్న అంకె వేసుకుందట. అసలు ఎత్తు పెడితే తేడాలో ఒక వేలు తగ్గింది. బెత్తెడు మిగిలింది. తూటా వేగం కొలిచే పెట్టె ఒకటి ఎవరి దగ్గరో అడిగి తెచ్చారు. తూటాల అట్టపెట్టె మీద రాసిన వేగమూ అసలు వేగమూ ఇంచుమించు ఒకటే. కారులో ఎండకి మగ్గిన తూటాలు వేరే రకంగా పోతాయని, వాటిని నీడన పెట్టి మళ్ళీ కాల్చారు. ఎండ లెక్క ఎక్కడో దూరపు ఊరిది ఫోన్లో పడుతోందని, ఇక్కడి వేడి తానే చూసి పెట్టారు. పొడుగాటి కాగితం కట్టించి, మర ఇన్ని టిక్కులు తిప్పితే చిల్లు నిజంగా అంతే పైకి పోతోందా అని చూశారు. పోతోంది. ఒక్కసారికి ఒక్కటే. ఒకటి తేలాక దాన్ని పుస్తకంలో కొట్టేయడం, ఆ తరవాతే రెండోది. మధ్యలో సెక్రటరీగారు ఫోను చేసి ఏమైందంటే, ఇంకా ఏమీ కాలేదని పెట్టేసేవారు.

శుక్రవారానికి పుస్తకంలో అన్నీ కొట్టేసి ఉన్నాయి. చదవడం రాకపోయినా కొట్టివేతలు నాకు తెలుస్తాయిగా. ఒక్కటే మిగిలింది.

"ఆ రెండొందల బోర్డు ఎవరు కొలిచి పాతేరు చెల్లెమ్మా?"

దూరం చూసే యంత్రాలు ఉంటాయట గానీ క్లబ్బు కొనలేదు. బోర్డు ఉండగా ఎందుకన్నారు. యాభై, వంద మాత్రం క్లబ్బు పెట్టినప్పుడే టేపు వేసి కొలిచారు. నా గోతి తరవాత తవ్వింది. దాని సంగతి చెప్పడానికి నాకు ఎంత సంబరమో.

"ఆయ్, మా ఆయనేనండి," అన్నాను.

మా ఆయన చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. కాల్చే రేంజి పక్కనే కొబ్బరితోట, వరస తాడు పట్టినట్టు ఉంటుంది, చెట్టుకీ చెట్టుకీ పాతిక అడుగులు. కాల్చేచోటు సరిగ్గా మొదటి చెట్టు పక్కన. రెండొందల మీటర్లంటే ఇరవై ఆరు పాతికలు, ఇరవై ఆరు చెట్ల దూరం ఎంచి మేకు పాతమని ఆ తోట రైతు మా ఆయనకి చెప్పాడు. మా ఆయన ఎంచాడు. ఆయన కత్తి పట్టుకుని నేను వెనకాలే నడిచాను. చెట్ల లెక్కలో ఆయనకి తిరుగు లేదు. దింపు దగ్గర తగవు వస్తే పక్క ఊళ్ళ తోటల వాళ్ళు కూడా ఆయన్నే పిలిచి ఎంచమనేవారు. కామెర్లతో పోయాడు. నాకు ఇల్లు విడిచాడా, పొలం విడిచాడా? ఆ పేరు విడిచాడు. గోతిలో కూచున్నప్పుడల్లా, పెద్దమనుషులు కాల్చే ఈ దూరం మా ఆయన గీసింది కదా అనుకునేదాన్ని.

మాస్టారు చెట్ల వరస వంక చాలాసేపు చూశారు. "నడుద్దాం రా. నువ్వు ఎంచు," అన్నారు.

ఒక్కొక్క మానునీ అరచేత్తో తడుతూ ఎంచాను. ఇరవై ఆరో చెట్టు సరిగ్గా గోతి పక్కన వచ్చింది. "చూసేరాండి, తేడా లేదు," అన్నాను.

"లేదు. చెట్లు ఇరవై ఆరే. ఇప్పుడు వెనక్కి నడుద్దాం. ఈసారి చెట్టుని తట్టకు. చెట్టుకీ చెట్టుకీ మధ్య సందు దాటినప్పుడల్లా ఒకటి అను."

పాతిక దగ్గర మొదటి చెట్టు వచ్చేసింది. తప్పు ఎంచానని మళ్ళీ వెళ్ళి వచ్చాను. మళ్ళీ పాతికే. మూడోసారి వెళ్ళలేదు. పాతిక అడుగులు తక్కువ. ఏడెనిమిది మీటర్లు. తూటా ఇంకా పూర్తిగా జారకముందే నా కాగితం అడ్డం వస్తోంది, అందుకే పైన పడుతోంది.

నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "పోయిన మనిషి మీదకి తోసేస్తారాండి తప్పు? మీ ఫోను కోసం, మీ గురి కోసం, మాట్లాడలేని మనిషి దొరికేడా?"

ఆయన నొచ్చుకోలేదు. మానుకి వీపు ఆనించి నిలబడ్డారు.

"తప్పు అనకు చెల్లెమ్మా. చెట్టెక్కేవాడు చెట్లే లెక్కెడతాడు. ఆయనెప్పుడైనా సందు ఎక్కేడా? ఆయనకి చెట్లు ఇరవై ఆరు. ఆ లెక్క ఈనాటికీ కరెక్టే. కొలవకుండా బోర్డు రాయించినోళ్ళది తప్పు."

మా ఆయన ఎంచాడని మాత్రం ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. ఆయన లెక్కే తప్పని తెలిస్తే ఈ చుట్టుపక్కల తోటల్లో ఏమనుకుంటారని ఏడ్చాను. చెప్పనన్నారు. బోర్డు తప్పని చెబుతాను, ఎవరు ఎంచారో చెప్పనన్నారు. ఆ మాట తీసుకోకుండా ఉండాల్సింది నేను.

శనివారం టేపు తెచ్చారు. సున్నా ఉన్న కొస నా కాలికింద పెట్టి తొక్కిపట్టమన్నారు. మూడుసార్లు కొలిచాము. నూట తొంభై మీటర్లు, పైన మూరెడు. ఆ అంకె ఫోన్లో పెట్టారు. ఇంకేమీ ముట్టుకోలేదు. ఫోను చెప్పినన్ని టిక్కులు తిప్పి, పడుకుని, సెక్రటరీగారి తుపాకీతోనే ఐదు కాల్చారు. నేను జెండా ఎత్తి లేచి చూశాను. ఐదూ నల్ల గుండ్రం నడిబొడ్డున. ఒక నిమ్మకాయ పెడితే ఐదూ మూసుకుపోతాయి. నేను గెడ ఎత్తలేదు, రెండు చేతులూ ఎత్తాను. ఆయన ఎప్పటిలా నడిచే వచ్చారు. చిటికెనవేలు ఐదుచోట్లా పెట్టారు. నేను మైదాపిండి తీస్తే ఈసారి అంటించొద్దన్నారు. కాగితం ఊడదీసి, అడుగున పెన్సిలుతో ఏదో రాసి, మడిచి నా చేతిలో పెట్టారు. తేదీ, అంకెలు అనుకున్నాను. తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో పెట్టాను.

ఆదివారం అందరూ చేరారు. మాస్టారు నిలబడి, తేడా ఎక్కడుందో చెప్పారు. బోర్డు తప్పు, నూట తొంభై అని రాసుకుంటే సరిపోతుంది, లేదా గొయ్యి వెనక్కి జరుపుకోవచ్చు అన్నారు. ఇంతే. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. వాళ్ళకి మింగుడుపడలేదు. రెండొందల మీటర్ల రేంజి అని పోటీల కాగితాలు అచ్చయిపోయాయి. అంతకు ముందు గెలిచినవాళ్ళ సర్టిఫికెట్ల మీద కూడా అదే ఉంది.

"ఇప్పుడు కొలిచింది మీరు, బానే ఉంది. అప్పుడు లెక్కెట్టినోడు ఎవడండీ? ఆణ్ణి పిలుద్దాం," అన్నారు సెక్రటరీగారు.

మాస్టారు నావైపు చూడలేదు. నీళ్ళకుండ పక్కన నిలబడి ఉన్నాను నేను. "అది అనవసరమండి. టేపు ఉంది, రండి, మీరే పట్టుకోండి," అన్నారు.

ఎవరూ లేవలేదు. ఎండగా ఉందట. సెక్రటరీగారు నవ్వుతూ, మీకు మొదటినుంచీ ఈ ఫోనంటే గిట్టదు మాస్టారూ, అందుకే బోర్డు మీద పడ్డారు అన్నారు. అప్పుడు మాస్టారు అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది.

"ఫోను తప్పు చెప్పలేదండి. మనం ఫోనుకి అబద్ధం చెప్పేం."

అంతే అని చాప చుట్టుకున్నారు. పెద్దవారయ్యారు, విశ్రాంతి తీసుకోండి అన్నారు వాళ్ళు, మర్యాదగానే. మా వైపు మనిషిని గెంటేసినా 'గారు' పెట్టే గెంటుతారు. నేను నోరు విప్పలేదు. 'నేను చూశానండి, మా ఆయనే ఎంచాడండి, మొదటి చెట్టుతో మొదలుపెట్టాడండి' అంటే నిమిషంలో తేలిపోయేది. మా ఆయన పేరు కాచుకున్నాను. మాస్టారి పేరు పోగొట్టాను.

తరవాత వాళ్ళు ఏం చేశారో కూడా రాయండి పాస్టరమ్మగారూ అన్నాను. వాళ్ళు దూరం మార్చలేదు. ఫోన్లో తూటా వేగం మార్చారు. తూటా అసలు వేగం కంటే జోరుగా పోతోందని దాంతో అబద్ధం చెప్పి, రెండొందల బోర్డు దగ్గర గుండ్రంలో పడేదాకా ఆ అంకెని పెంచుకుంటూ పోయారు. పడింది. చప్పట్లు కొట్టుకున్నారు. ఇంక నా చేతివాటం మాట ఎవరూ ఎత్తలేదు. పోటీలకి బయట జిల్లాల వాళ్ళు వచ్చారు. బోర్డు చూసి రెండొందలని నమ్మి, నిజమైన అంకెలు పెట్టుకుని కాల్చారు పాపం. వాళ్ళవన్నీ బెత్తెడు పైన పడ్డాయి. మావాళ్ళవి మధ్యలో పడ్డాయి. నిజం చెప్పినవాళ్ళు ఓడిపోయి తలలు వంచుకుని ఇంటికి పోయారు, అబద్ధం చెప్పినవాళ్ళు కప్పులు పట్టుకుని ఫోటోలు దిగారు. గెడ పట్టుకుని ఆ చిల్లులు చూపించింది నేనే. చిల్లు ఉన్నచోటే చూపించాను.

మళ్ళీ మాస్టారిని చూసింది ఒక్కసారే. అమలాపురం పెద్దాసుపత్రి బయట, చినుకులు పడుతుంటే. బాగా చిక్కిపోయారు. ముఖం చాటేద్దామనుకున్నాను గానీ ఆయనే పిలిచారు.

"చెల్లెమ్మా, వందలో ఎలా పడతన్నాయి?"

నాకు ఆశ్చర్యం వేసింది. రెండొందల్లో సరిపెట్టిన దగ్గర్నుంచి వందలో చెడింది నిజమే, ఆ కాగితాలు కూడా అంటించేది నేనేగా. "కిందకి పడతన్నాయండి," అన్నాను.

"పడాలి," అని చిన్నగా నవ్వారు. వేగం మార్చి ఉంటారని ఇంట్లో మంచం మీద కూచుని లెక్కేసుకున్నారన్న మాట. ఒకచోట అబద్ధం అతికిస్తే ఇంకోచోట చిల్లు పడుతుందన్నారు. పులుసు ఎలా కుదురుతోందని అడిగారు. క్షమించండని అడుగుదామని నోటిదాకా వచ్చింది. బస్సు వచ్చింది. నా దగ్గర గొడుగు లేదని తనది ఇచ్చేశారు, మొన నేలకి చూపించి.

ఆ గొడుగు తిరిగి ఇవ్వలేదు. ఆ గొడుగు వేసుకునే సంతాపసభకి వెళ్ళాను. సెక్రటరీగారు మైకు పట్టుకుని, మాస్టారు గొప్పవారే గానీ కొత్త విద్యలు ఆయనకి పడేవి కావని, మేమే కష్టపడి సాఫ్ట్‌వేరుని దారికి తెచ్చుకున్నామని చెప్పారు. నేను లేచాను. ఆయ్, నేనొక మాట చెబుతానండి అన్నాను. కూచోమ్మా, నీ సంగతి తరవాత చూద్దాం అని మైకు పక్కవారికిచ్చారు. తరవాత పులిహోర పొట్లాలు పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

ఇదంతా చెబుతుంటే ఆ నూట తొంభై మీద ఎంతో సరిగ్గా రాయాలని పాస్టరమ్మగారు అడిగారు. ట్రంకుపెట్టెలోంచి ఆ కాగితం తీసుకొచ్చి ఇచ్చాను. నాలుగేళ్ళుగా బట్టల అడుగున ఉంది. ఐదు చిల్లులూ అలాగే ఉన్నాయి. ఆవిడ కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి పెన్సిలు రాతని చదివారు. తేదీ, ఎండ, గాలి. దూరం నూట తొంభై మీటర్ల నలభై ఐదు. ఆ కింద ఒక్కో వరసా ఆగి ఆగి చదివారు.

ఫోను తప్పు లేదు. తుపాకీ తప్పు లేదు. మార్కరు ప్రతిసారీ నిజమే చూపించింది. బోర్డు తప్పు. కొత్త కొలత: నేను. పాత లెక్క:

"పాత లెక్క అని రాసి, పక్కన గీత గీసి ఖాళీగా వదిలేసేరండి," అన్నారు పాస్టరమ్మగారు.

నన్ను కాయడానికి రాసిన కాగితాన్ని నా ఇంట్లోనే పెట్టి పోయారు మాస్టారు. ఎవరికైనా చూపిస్తే నేను నిందలోంచి బయటపడతాను. ఆ ఖాళీ నింపితే మాస్టారు బయటపడతారు. నింపాలో వద్దో నాకే వదిలేశారు. నేను నాలుగేళ్ళు దాని మీద చీరలు మడతపెట్టుకున్నాను.

ఆ గీత మీద రాయండి అన్నాను. ఏమని రాయనండి అని ఆవిడ అడిగారు. పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఆయన పేరు నా నోటితో అనలేదు. ఆఫీసుల్లో అడిగినా రేషన్ కార్డు ముందుకి తోసేదాన్ని. ఆవిడకి తెలుసు, కార్డు ఇవ్వమని చెయ్యి చాపారు. వద్దన్నాను.

"ఏసురత్నం," అన్నాను. "మొదటి చెట్టుతో మొదలెట్టి ఎంచేడు. చెట్లు ఇరవై ఆరే."

మాస్టారు రాసిన ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది. ఇందులో ఉన్నదంతా, నేను నింపించిన పేరుతో సహా, క్లబ్బు ఇచ్చిన కొత్త కాగితం ఒకదాని మీద పాస్టరమ్మగారి చేత రాయించాను, నల్లరంగుతో. ఆదివారం పొద్దున చట్రానికి అదే కడతాను. కట్టి, ఎర్రజెండా ఎత్తి, ఇరవై ఆరో చెట్టు కింద కూచుంటాను. అక్షరాలు అరచెయ్యంత ఉండాలని మరీ మరీ చెప్పాను. వాళ్ళు దుర్భిణీలోంచి చూస్తారు కదా.